తొమ్మిది పాయింట్ల కాడ

(ప్రొద్దుటూరు. పంచాయతీ ఎలక్షన్లకు నామినేషన్లు వేసే కాలం, ఒక ఆదివారం సాయంత్రం. రిటైరైన లెక్కల టీచరు షాహీదాబీ మిద్దె మీది గది. బల్ల మీద బొమ్మల దీవి పరిచి, గోధుమ, రాయి, ఇటుక, గొర్రె, కట్టె ముక్కలు పోగేసి ఊర్లు కట్టే ఆట; ముందు పది పాయింట్లు చేసినవాళ్ళది గెలుపు. ఆ బల్ల చుట్టూ ఆమె, జమ్మలమడుగులో విత్తనాల అంగడి నడిపే ఆదినారాయణ, సంతలో గొర్రెల బేరం చేసే కుళ్లాయప్ప.)

"కట్టొచ్చు కదా ఆదినారాయణా. కట్టకుండా పాచికలు అవతలికి తోస్తాండావేంది?"

"ఏం కట్టేది టీచర్. చేతిలో ఏముంది నాకు."

"నీ చేతిలో ఏముందో నన్నడుగు. రెండు గోధుమ, మూడు రాయి. ముప్పై ఏండ్లు లెక్కలు చెప్పినా నాయనా, ఏ ముక్క ఎవరి చేతికి పోయిందో నాకు తెలీదా? ఆ ఐదు ముక్కలు కింద పెట్టి నీ ఊరును పట్నం చేస్తే పది పాయింట్లు. ఆట అయిపోతుంది. తొమ్మిది కాడ కూచోని ముప్పావు గంటయింది నువ్వు."

"రాయి రెండే ఉండాయేమో."

"మూడు. మూడో రాయి వెనకాల మా వీధి సుశీలమ్మ కూతురి పెండ్లి ముహూర్తం ఉంది, నాకు ఈడికి కనపడతాంది. బెంగళూరు నుంచి తెచ్చిన ముక్కలు నలిగిపోతే ఆ పెండ్లి కార్డులు కత్తిరించి కొత్తవి చేసింది నేనే కదా."

"సరే, మూడే అనుకోండి. కట్టబుద్ధి కాలేదు. కుళ్లాయప్పా, నీ వంతు."

"నాదేనా అన్నా?"

"నీదే."

"ముందు పాచికలు ఎయ్యాలనా, బేరం ఆడాలనా?"

"ఎనిమిది నెలల్నుంచి ఆడతాండావు కుళ్లాయప్పా. కొత్తగా వచ్చినోళ్ళకు నువ్వే నేర్పిస్తావు. ఇప్పుడు నువ్వే అడుగుతావా? ఏమైంది నీకు ఈ పొద్దు?"

"ఏం కాలేదు టీచరమ్మా. తల నొప్పిగా ఉంటే."

"తలనొప్పి అయితే ఇంటికి పో నాయనా. మేమిద్దరం ఆడుకుంటాం."

"వద్దు టీచర్, ఉండనీండి వాన్ని."

"ఇంటికి పోనులే టీచరమ్మా."

"ఇద్దరికీ ఒకేసారి అంత ఉలుకెందుకు? నేనేమన్నా మెడ పట్టి గెంటినానా? వెయ్, పాచికలు వెయ్."

"ఆరు. మల్లా గొర్రెలే, రెండు. టీచరమ్మా, గొర్రెకు ఇటుక ఇస్తారా?"

"రెండు గొర్రెలిస్తే ఒక ఇటుక ఇస్తా."

"సంతలో పొట్టేలు ఆరువేలు పలుకుతాంది. మీరు రెండు గొర్రెలకు ఒక ఇటికెరాయి అంటే మా కులదేవుడు కూడా ఒప్పుకోడు."

"ఈ దీవిలో గొర్రెలకు గిరాకీ లేదప్పా. నువ్వే అన్ని మేపి పెట్టినావు."

"ఒక గొర్రెకే నేనిస్తా కుళ్లాయప్పా. ఇందా ఇటుక."

"ఎందుకన్నా? ఇటుక వస్తే నేను నీ దావకు అడ్డం కడతా."

"కట్టు."

"ఆదినారాయణా, నీకు మతి ఉండే ఆడతాండావా? సరే, నీ ఇష్టం. కట్టు కుళ్లాయప్పా, ఇచ్చినోడు ఇచ్చినాక ఇంకేంది."

"ఇప్పుడొద్దులే టీచరమ్మా. వచ్చే వంతుకు చూస్తా."

"భేష్. ఒకడు గెలిచేదాన్ని గెలవడు, ఇంకొకడు అడ్డం కట్టేదాన్ని కట్టడు. ఎనిమిదేండ్లనుంచి ప్రతి ఆదివారం ఈ బల్ల పెడతాండా. గెలవాలని గొంతులు చించుకున్నోళ్ళను చూసినా. ఓడిపోయి నెలరోజులు మొగం చాటేసిన బ్యాంకాయన్ను చూసినా. గెలవకుండా ఉండేదానికి ఇంత చెమటలు కార్చేటోళ్ళను ఇదే చూడడం."

"జనం లేరు కదా టీచర్. ఆరుమంది ఉంటే ఆ సందడి వేరు."

"జనం ఎట్లొస్తారు? రేపు నామినేషన్లకు ఆఖరు దినం. బ్యాంకాయన వాకిలి దాటనన్నాడు. ఖాజాబీని వాళ్ళాయన పంపలేదు. పులివెందులోళ్ళు ఇద్దరూ బస్సులు నమ్ముకోని రాలేమన్నారు. నువ్వు కూడా రావనుకున్నా ఆదినారాయణా. మీ ఊర్లో రెండు జట్లోళ్ళూ పార్టీలు మార్చుకున్నారంట కదా?"

"మార్చినారు. మొన్నటిదాకా మాది ఏ పార్టీనో ఇప్పుడు వాళ్ళది ఆ పార్టీ. జెండాలు ఇండ్లు మారినాయి, అంతే. చంపుకునేది మారలే."

"ఈ గదిలో ఆ మాటలొద్దులే. నేనే ఎత్తినా, తప్పు నాదే. ఈడ ఊరి పేరు, ఇంటి పేరు, పార్టీ పేరు ఎవురూ అడగగూడదని పెట్టింది నేను. కుళ్లాయప్పా, కిటికీ కాడ కూచున్నావు, ఆ బండి ఇంకా ఉందా చూడు."

"ఉంది టీచరమ్మా."

"రెండు గంటలనుంచి ఆడనే ఉంది. తెల్ల సుమో. నంబరు కనపడకుండా మట్టి పూసినారు. మనుషులు దిగినారా?"

"ఇద్దరు టీ అంగడి కాడ నిలబడినారు. మొగాలకు టువాళ్ళు చుట్టుకున్నారు. లోపల ఎంతమందో తెలీలేదు."

"ఎండకు చుట్టుకున్నారేమో."

"పొద్దున్నుంచి మబ్బే కదా టీచరమ్మా. ఎండ యాడుంది?"

"కుళ్లాయప్పా, కిటికీ కాడనుంచి లెయ్. ఇట్ల నా పక్కకు వచ్చి కూచో."

"నీ పక్కన కూచుంటే నీకు వాకిలి కనపడదన్నా. ఎప్పుడూ గోడకు ఆనుకోని, వాకిలి కనపడేట్ల కూచుంటావు కదా నువ్వు."

"ఈ పొద్దు కనపడకపోయినా పర్వాలేదు. జరుగు."

"నీ ఫోను మోగుతాంది ఆదినారాయణా."

"మోగనీండి టీచర్."

"ఇది నాలుగోసారి. ఎత్తి మాట్లాడు నాయనా, ఇంట్లోవాళ్ళకు భయముంటుంది."

"ఆ... చెప్పు చిన్నాయనా... ఈడనే... ఆడతాండాం... లేదు, ఇంకా కాలేదు... నిన్ననే చెప్పినా కదా నీకు, నాకు ఇష్టం లేదని... కాదు, నువ్వు ముందు నా మాట విను... చిన్నాయనా... సరే. సరే. ఆట అయినాక దిగుతా."

"ఏమంటాడు మీ చిన్నాయన?"

"ఎప్పుడొస్తావని."

"దేనికో ఇష్టం లేదన్నావు."

"ఎలక్షన్ల సంగతి టీచర్. ఆయన చెప్పిందొకటి, నేను వద్దనేదొకటి. మీ వంతు, వేయండి."

"వేస్తాండా. చూడు, ఏడు. దొంగ కదిలినాడు. ఏడు ముక్కలకు మించినోళ్ళు సగం పారేయాల. నీకు తొమ్మిదుండాయి ఆదినారాయణా. నాలుగు తియ్."

"ఇవి తీసుకోండి. మూడు రాయి, ఒక గోధుమ."

"గెలిపించే ముక్కలన్నీ ఏరి ఏరి పారేసినావు. రెండు గొర్రెలు, రెండు కట్టెలు పారేయొచ్చు కదా? నీకు ఈ ఆట అయిపోవడం ఇష్టం లేదు. అది నాకు అర్థమయింది. ఎందుకో అర్థం కాలేదు."

"ఇంటికి పోయి చేసేదేముంది టీచర్."

"అది జవాబు కాదు. సరే, అసర్ బాంగు ఇచ్చినారు. నమాజు చేసుకోనొస్తా. ముక్కలు తాకగాకండి. నేను వచ్చేసరికి మీ ఇద్దరికీ వచ్చిన రోగమేందో ఒకరన్నా చెప్పాల. మోసం చేసేటోన్ని నేను ఓర్చుకుంటా, ఆట చెడగొట్టేటోన్ని ఓర్చుకోను."

"సరే టీచర్."

"అన్నా."

"ఊ."

"ఈ పొద్దు కిందికి దిగగాకు."

"ఎందుకు?"

"ఊరికే. టీచరమ్మను అడిగి ఈడనే పండుకో. తెల్లవారినాక వీధిలో పోలీసోళ్ళు తిరుగుతాంటారు, అప్పుడు పోదువు."

"ఎందుకో చెప్పు కుళ్లాయప్పా."

"ఆ బండి..."

"బండికేమైంది?"

"ఆ బండి నీ కోసరం వచ్చిందన్నా."

"నీకెట్ల తెలుసు?"

"తెలుసు."

"ఎట్ల తెలుసంటాండా."

"అడగగాకన్నా. నీ కాళ్ళు పట్టుకుంటా, అడగకుండా నా మాట విను."

"నువ్వు చెప్పాల. రెండు గంటలనుంచి నీ నోటెంట ఆ మాట వస్తుందా రాదా అని చూస్తాండా."

"ఏ మాట?"

"నువ్వు చెప్పబోయే మాట. చెప్పు."

"నేనే చెప్పినా వాళ్ళకు. నువ్వు యాడుంటావో, ఎప్పుడుంటావో."

"ఎవరికి?"

"మా సర్పంచుకు. మాది మీ ఊరి పక్కూరే అన్నా. మీ జట్టుకూ మా సర్పంచుకూ ఎన్నేండ్ల పగో నీకు నేను చెప్పాల్నా? నువ్వు నన్ను ఎప్పుడూ చూసుండవు. మేం గొర్రెలెంట కొండల్లో తిరిగేటోళ్ళం. అందుకే నన్ను ఏరుకున్నారు."

"ఎనిమిది నెలల కింద ఈ గదికి వచ్చింది అందుకేనా?"

"అందుకే."

"ఆట పెట్టెల మీద బొమ్మలు చూసి ఆశపడి వచ్చినానంటివి టీచర్‌తో."

"అదంతా నేర్పిచ్చి పంపిన మాట. మొదటి మూడు వారాలు ఈ ఆటంటే నాకు ఒళ్ళు మంట. ఈ పెద్ద మనుషులు చెక్క ముక్కలతో పిల్లోళ్ళ ఆటలేందిరా అనుకున్నా. నాలుగో వారం టీచరమ్మ నా పక్కన కూచోని చెప్పింది, రెండు పాచికలేస్తే ఏడు ఎందుకు ఎక్కువ పడుతుందో. ఆరు విధాలుగా పడుతుందంట ఏడు. పన్నెండు ఒకే విధంగా పడుతుందంట. ఆ వారం గొర్రెల్ను కొండకు తోలుకపోయి నాలుగు దినాలు అదే లెక్క. బండ మీద గీతలు గీసుకోని వేసుకుంటా కూచున్నా. నా పెండ్లాము గంగులమ్మ నాకు గాలి సోకిందనుకోని తాయెత్తు కట్టించింది."

"నవ్వించగాకు నన్ను."

"నవ్వించడం లేదన్నా. నాకు చదువు రాదు. ఐదో తరగతి కాడ గొర్రెల్లోకి పంపినారు. ఈ గదిలో నేను గెలిచినప్పుడు బ్యాంకాయన లేసి నాకు చెయ్యిచ్చినాడు. ఆయన నాకు చెయ్యిస్తాడా బయట? నువ్వు నాతో బేరం చేసేటప్పుడు 'కుళ్లాయప్పతో జాగ్రత్తప్పా, వీడు తెలివైనోడు' అంటావు. ఆ మాట నన్ను ఎవురూ అనలేదు పుట్టినాక."

"మల్ల ఎందుకు చెప్పినావు వాళ్ళకు?"

"ఎనిమిది నెలలు చెప్పలేదు. దేవుని తోడు. వాడు ప్రతి వారం టైము మారుస్తాడు, దొరకడు అని అబద్ధం చెప్పుకుంటా వచ్చినా. నువ్వు ఒక దినం అంగడి పొద్దున తెరుస్తావు, ఒక దినం మునిమాపున తెరుస్తావు. పోయిన దావన తిరిగిరావు. ఎవరింట్లోనూ నీళ్ళు కూడా తాగవు. ఆ సంగతులు వాళ్ళకూ తెలుసు, అందుకని నమ్మినారు."

"అది మా అమ్మ పెట్టిన పద్ధతి. మా నాయన్ను నరికినాక ఆమె నాకు చెప్పింది ఒకటే. మనలాంటోళ్ళకు ఒక టైము, ఒక చోటు అనేది ఉండగూడదు నాయనా, అని. అట్లనే బతికినా పద్దెనిమిదేండ్లు. విసుగొచ్చింది కుళ్లాయప్పా. నాకూ ఒక చోటు ఉండాల అనిపించింది. ఆదివారం మూడు గంటలకు, ఈ గది. అదొక్కటే పెట్టుకున్నా."

"అదే చెప్పేసినా నేను వాళ్ళకు."

"ఎప్పుడు?"

"మొన్న బుధవారం. మా తమ్ముడు సిద్దయ్యను కోర్టుకు తెచ్చినారు. బాంబుల కేసులో ఉండాడు వాడు. వాడు బాంబును చూసింది కూడా లేదు, సర్పంచు కొడుకు పేరు బదులు వాని పేరు రాయించినారు. బేడీలతో దిగినాడు. మొగమంతా వాచిపోయింది. నన్ను చూసి ఏడవలేదు, అన్నా గొర్రెలు ఈనినాయా అని అడిగినాడు. సర్పంచు నా పక్కనే నిలబడినాడు. నువ్వొక్క మాట చెప్తే నీ తమ్ముని పేరు తీయిస్తా అన్నాడు. నోట్లోనుంచి వచ్చేసింది. ఆదివారం, మూడు గంటలు, షాహీదాబీ మిద్దె అని. చెప్పినప్పటినుంచి కూడు దిగలేదు నాకు."

"ఈ ఆదివారమే చేస్తామన్నాడా?"

"చూద్దాంలే అన్నాడు. వాళ్ళు చూద్దాం అన్నారంటే అంతే కదా. వచ్చేసరికి ఆ బండి ఉంది. అందుకే ఆట కానియ్యలే. నువ్వు గెలిస్తే లేస్తావు. లేస్తే దిగుతావు. నన్ను కొట్టన్నా. తిట్టు."

"నేనేం తిట్టేది. చెప్పినావు కదా. చాలు."

"నేను తిడతా వాన్ని. నేను తిడతా. గోడ సన్నంది కుళ్లాయప్పా. నమాజు చేసుకునేదానికి చెవులు మూసుకోలేదు నేను."

"టీచరమ్మా..."

"నా ఇంట్లో కూచోని, నా దగ్గర లెక్క నేర్చుకోని, నా ఇంటి గుర్తులే చెప్పినావా వాళ్ళకు? జట్లను గడప బయట ఇడిసి రమ్మని ఈ బల్ల పెట్టుకున్నా నేను. ఈ ఊర్లో ఎవురూ ఎవురితో కలిసి కూచునే చోటు లేదని పెట్టుకున్నా. ఎంత మందిని రానిచ్చినానో, ఒక్కర్ని కూడా నువ్వెవురని అడగలేదు. అడగకపోవడం నాదే తప్పయింది."

"మీది తప్పు కాదు టీచరమ్మా."

"మాట్లాడగాకు నువ్వు. ఆదినారాయణా, స్టేషనుకు ఫోను చేస్తాండా."

"వద్దు టీచర్."

"ఎందుకొద్దు? ఎస్సై నా దగ్గర చదివినోడే."

"ఆయన వస్తే ఈ పొద్దుకు ఆగుతుంది. రేపు సంతలో అయిపోతుంది."

"నువ్వు సంతకు ఎప్పుడొచ్చినావన్నా? నువ్వు సంతకు రావు కదా."

"మాటవరసకు అన్నాలే."

"అట్లయితే వెనకనుంచి పో నాయనా. వెనకింటి మస్తానమ్మ మిద్దెకూ మన మిద్దెకూ మూరెడు ఎడం. దూకితే ఆ పక్క సందులో పడతావు."

"సందులో ఇద్దరుంటారు టీచర్."

"వెనక సందు ఉందని నేను చెప్పలేదన్నా వాళ్ళకు. వాళ్ళకు తెలీదు."

"తెలిసుంటుంది. చూసుకోకుండా రారు. టీచర్, మధ్యాన్నం ఏం వండినారు?"

"ఏందీ?"

"తినేదానికి ఏమన్నా ఉందా అంటాండా. ఆకలిగా ఉంది."

"పలావు ఉంది. పొట్లకాయ దాల్చా ఉంది. నీకు... నువ్వు తింటావా? మూడేండ్లనుంచి వస్తాండావు, మా ఇంట్లో గుటకెడు నీళ్ళు తాగినోడివి కాదు. రంజానుకు సేమ్యా ఇస్తే చేతిలో పట్టుకోని కూచుంటివి. కింద కొడవళ్ళు పట్టుకోని నిలబడుకుంటే ఇప్పుడు అన్నం అడుగుతావా?"

"పెట్టండి టీచర్. అన్నం ఎక్కువ పెట్టండి. తట్ట మాత్రం ఒకటే."

"ఒకటే ఎందుకు? తట్టలకేం కరువు లేదు మా ఇంట్లో."

"మీకు దండం పెడతా, ఒకటే పెట్టండి. పెద్దది."

"నీ ఇష్టం. నాకు ఇద్దరి మతులూ పోయినట్లుండాయి. ఉండు, తెస్తా."

"అన్నా, అన్నం తినే పొద్దా ఇది?"

"నువ్వు పొద్దున్నుంచి తిన్నావా?"

"లేదు."

"బుధవారంనుంచి సరిగ్గా తినలేదు, నువ్వే అంటివి. కూచో."

"ఇందాండి. వేడి చెయ్యలేదు, అట్లే తెచ్చినా."

"చాలు టీచర్. కుళ్లాయప్పా, చెయ్యి పెట్టు."

"నీ తట్టలోనా?"

"నా తట్టలోనే. ఆ పక్కనుంచి నువ్వు తిను, ఈ పక్కనుంచి నేను."

"నేను నిన్ను చంపేదానికి గుర్తు చెప్పినోన్ని."

"విన్నా కదా. చెయ్యి పెట్టు."

"నాకు ఈ ముద్ద లోపలికి పోదన్నా."

"పోతుంది. నమలు. మా అవ్వ సంగతి చెప్తా విను. భారతమ్మ ఆమె పేరు. నాకప్పుడు ఏడెనిమిదేండ్లు. మీ ఊరి ఓబులయ్య అని గొర్రెలాయన, తప్పిపోయిన గొర్రెను వెతుక్కుంటా మా ఊర్లోకి వచ్చినాడు. ఆ ముందు వారమే మీవాళ్ళు మావాన్ని ఒకన్ని ఏసేసినారు. ఊరు ఊరంతా కాచుకోనుంది. ఆయన తెలీక వచ్చేసినాడు."

"ఓబులయ్య మా వీధే."

"వీధి మొదట్లో ఉరుకులు పెట్టించినారు. ఆయన ఏ ఇల్లు ముందుంటే ఆ ఇంట్లోకి దూరినాడు. అది మా ఇల్లు. మా అవ్వ వంటింట్లో సంగటి తింటాంది. ఆయన్ను చూసింది. ఎవురని అడగలేదు. తన తట్ట ఇట్ల జరిపి, కూచోని తినప్పా అనింది."

"తిన్నాడా?"

"తిన్నాడు. తిన్నాక అవ్వ ఆయన ముందర నడిచింది, ఆయన వెనక నడిచినాడు. సంగటి అంటిన చెయ్యి పైకెత్తి పట్టుకో నాయనా అనింది. మా ఊర్లో ఒక కట్టు ఉంది. మా తట్టలో తిన్నోన్ని, ఆ ఎంగిలి చెయ్యి కడుక్కునేలోగా తాకగూడదు. అప్పుడు ఒదిలేస్తే ఇంక ఎప్పటికీ తాకగూడదు. సందు మొదట్లో మా చిన్నాయన కొడవలి పట్టుకోని నిలబడినాడు. ఆ చెయ్యి చూసినాడు. పక్కకు తప్పుకున్నాడు."

"ఈ కాలంలో అట్లాంటివి ఎవురు పాటిస్తారు ఆదినారాయణా?"

"మా చిన్నాయన పాటిస్తాడు టీచర్. పోలీసును లెక్క చెయ్యడు, కోర్టును లెక్క చెయ్యడు, సొంత అన్న కొడుకు చెప్పినా వినడు. ఆ ఒక్కదానికి మాత్రం ఆగుతాడు. వాళ్ళమ్మకు మాటిచ్చినాడు."

"అన్నా, ఓబులయ్య తాత మూడు దినాలు చెయ్యి కడుక్కోలేదని మా ఊర్లో ఇప్పటికీ నవ్వుకుంటారు. ఎందుకో ఎవురికీ తెలీదు."

"ఇప్పుడు నీకు తెలిసింది కదా. ఇంకా నాలుగు ముద్దలు తిను."

"చాలు. కడుపు నిండింది. అన్నా, నువ్వేం అనుకుంటాండావో నాకు అర్థమయింది. నువ్వు ఎంగిలి చెయ్యి ఎత్తి దిగుతావు, వాళ్ళు ఆగుతారనుకుంటాండావు. అది మీ ఇంటి కట్టు. మా సర్పంచుకు అట్లాంటివి లేవు. నీ చెయ్యి పైకెత్తితే ఆ చెయ్యే ముందు నరుకుతారు."

"తెలుసు."

"తెలిసి ఎట్ల దిగుతావు? నా మాట విను. నేను దిగుతా ముందు. ఈ పొద్దు ఆదినారాయణ రాలేదు, నేనూ టీచరమ్మా ఇద్దరమే ఆడినాం అని చెప్తా. నా మాట నమ్మి వాళ్ళు పోతారు. ఎనిమిది నెలలు నమ్మినారు కదా."

"నువ్వు ఒక్కనివి దిగగాకు."

"నాకేం భయం? టీచరమ్మా, ఒక చెంబు నీళ్ళియ్యండి, చెయ్యి కడుక్కోని పోతా."

"ఇస్తా ఉండు."

"టీచర్, వద్దు. నీళ్ళు తేగాకండి."

"ఏందన్నా, నా చెయ్యి పట్టుకుంటావేంది? ఇడువు. పొద్దు పోయేకొద్దీ వాళ్ళకు మండుతుంది, మిద్దె ఎక్కినా ఎక్కుతారు. నేను చేసిన పాపం నేను కడుక్కోవాల. ఇడువన్నా."

"మనిద్దరం దిగుదాం. నువ్వు ముందర, నేను నీ వీపుకు ఆనుకోని."

"నీకు పిచ్చి పట్టిందా? కిందుండేది మావాళ్ళు. నిన్ను చూసినారంటే ఇడవరు. నన్నేం జేస్తారు వాళ్ళు?"

"కుళ్లాయప్పా, మీ సర్పంచు ఈ పొద్దు ఎవురినీ పంపలేదు. వాళ్ళంతా నామినేషన్ల కాడనే ఉండారు. నువ్వు బుధవారం చెప్పిన మాట గురువారానికి మా చిన్నాయన చెవిలో పడింది. ఆ చెయ్యి కడుక్కోగాకు. బాగా పైకెత్తి పట్టుకో. కిందుండే బండి మాది."